తెల్లరాళ్ళ వాకిలి

తంగేళ్ళ దిబ్బ మీద మొత్తం పదహారు కాపురాలు. గెడ్డ వాగుకి ఇవతల, మెట్టచేలకి అవతల, ఎండకి ఎండి వానకి తడిసే ఆ దిబ్బ మీద కుందేళ్ళూ, ముళ్ళపందులూ, కౌజులూ, పూరేళ్ళూ ఉంటాయి. ఎవరి గుమ్మం ముందు వాళ్ళకి బారెడు వాకిలి. ఉన్నది బారెడే అయినా, దాని గురించి ఒకరి వెనక ఒకరు చెప్పుకునే మాటలు మాత్రం గెడ్డంత పొడుగు.

అందరూ ముక్కు చిట్లించే వాకిలి పూరేడు పిట్ట మరిడమ్మది. తంగేడు పొద కింద గూడు. గూటి ముందర ఎండుగడ్డి, రాలిన ఆకులు, విరిగిన పుల్లలు, నాలుగు పల్లేరు తీగలు, ఒక పక్కగా వాకుడు ముళ్ళు. ఎక్కడ అడుగు వేసినా చిటపటమంటుంది. మరిడమ్మకి ఏడుగురు పిల్లలు. గుడ్డు పగిలి పదిరోజులు కాలేదు. మట్టిరంగు ఒళ్ళు, దాని మీద ఎండుగడ్డి రంగు చారలు. మొగుడంటారా, పూరేటి మగాళ్ళ సంగతి తెలిసిందే. గుడ్లు పెట్టేదాకా పాట, ఆ తర్వాత ఇంకో గట్టు.

పిల్లలకి ఆమె నేర్పిన చదువు ఒక్కటే.

"నేను 'చిప్' అన్నానంటే ఉన్నచోటే అణిగిపోవాలి. రెప్ప కొట్టకూడదు. మీరు కదలకపోతే మీరు లేరు. గద్దకీ లేరు, పాముకీ లేరు."

ఆరుగురు బుద్ధిగా నేర్చుకున్నారు. అందరికన్నా చిన్నది, బుడ్డి, అణగమంటే తలెత్తి చూసేది. దానికి రోజూ మొట్టికాయలే.

ఒకరోజు పొద్దున్నే పొరుగింటి కుందేలు పైడమ్మ వచ్చి వాకిలి అంచున నిలబడింది. లోపలికి కాలు పెట్టలేదు.

"రా అప్పా, ఎండలో నిలబడ్డావేం?" అంది మరిడమ్మ.

"ఎక్కడికే రావడం? కాలు ఎక్కడ పెట్టాలో చూపిస్తే పెడతాను. ఇది వాకిలో, గాలికి కొట్టుకొచ్చిన చెత్తకుప్పో నాకు తెలీడం లేదు. నిన్న మా చుట్టాలొచ్చారు. 'మీ పక్కన ఎవరూ ఉండరా' అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది."

మరిడమ్మకి ముఖం వేడెక్కింది. "పిల్లలు చిన్నవాళ్ళు అప్పా. తీరిక ఉండొద్దూ?"

"నాకు మాత్రం పిల్లల్లేరేటి? నలుగురు. అయినా నా వాకిలి వచ్చి చూడు. బంగారయ్య దిద్దాడు."

బంగారయ్య నక్క. పట్నంలో ఏదో పెద్ద బంగళా వెనకాల మూడేళ్ళుండి, తోటపనివాళ్ళు చేసేదంతా కళ్ళారా చూసి వచ్చానని చెప్పుకుంటాడు. దిబ్బ మీదికి వచ్చి నెల. మొదట అందరూ తలుపులు బిగించుకున్నారు. కానీ ఆ నెలలో అతను కౌజుల ఇంటికీ, ఉడుత ఇంటికీ వాకిళ్ళు దిద్దాడు. ఒక్క పిల్లని ముట్టుకోలేదు. ఎవరి ముందు కూర్చున్నా రేగుపళ్ళే తిన్నాడు. ఇప్పుడు పైడమ్మ వాకిలి. దిబ్బంతా అదే మాట.

మరిడమ్మ వెళ్ళి చూసింది. చూడకుండా ఉండాల్సింది. పొదలన్నీ కొట్టేసి నేల చదును చేశాడు. గరిక అంగుళం ఎత్తున సమంగా కొరికి పరిచాడు. బొరియకి వెనక ఉన్న రెండో కన్నం పూడ్చేసి దాని మీద పొగడబంతి నాటాడు.

"ఆ కన్నం ఎందుకు మూశారు అప్పా?"

"ఇంటికి రెండు గుమ్మాలుంటే చూపు చెదిరిపోద్దట. ఒకటే ఉంటే నిండుగా ఉంటదట. ఆయన చెప్పాక నాకూ అలాగే అనిపించింది."

తిరిగి వచ్చి తన వాకిలి చూసుకుంటే మరిడమ్మకి మొదటిసారి అది చెత్తలా కనిపించింది. అంతకుముందు ఆమె దాన్ని చూసిందే లేదు. అందులో ఉంది, అంతే.

మర్నాడు బంగారయ్య తనే వచ్చాడు. వాకిలి బయటే కూర్చుని, ముందు కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, వాకిలంతా ఒక మూల నుంచి ఇంకో మూలకి చూశాడు. పిల్లలు ఆకుల కింద అణిగిపోయారు. మరిడమ్మ మాత్రం ఎగరడానికి సిద్ధంగా రెక్కలు బిగబట్టుకుని కూర్చుంది.

"తల్లీ, ఈ వాకిలి నిన్ను తినేస్తోంది," అన్నాడు చివరికి.

"నన్ను తినేవాళ్ళు వేరే ఉన్నార్లే బంగారయ్యా."

నక్క నవ్వాడు. కోపం తెచ్చుకోలేదు. "తినే రోజులు వెళ్ళిపోయాయి. ఇదిగో చూడు." నోరు తెరిచి ఒక పక్క చూపించాడు. పళ్ళు లేవు. రెండో పక్క అతను చూపించలేదు, ఆమె అడగలేదు.

"ఇంత చోటులో ఏం చేస్తావులే," అంది మరిడమ్మ. వద్దనడానికే అంది గానీ, ఆ మాట అడుగుతున్నట్టే వినిపించింది.

"చిన్న చోటే కష్టం తల్లీ. పెద్ద తోట ఎవడైనా దిద్దుతాడు. బారెడు వాకిలి పదిబారలు కనిపించాలంటే చూపుకి ఎక్కడా అడ్డు తగలకూడదు. నేల లేతరంగులో ఉండాలి. గెడ్డలో తెల్లటి గులకరాళ్ళున్నాయి, అవి పరుద్దాం. దారి ఒక్కటే ఉండాలి, అదీ కాస్త వంపు తిరిగి గుమ్మం దగ్గర తేలాలి. పొట్టి మొక్క ముందు, పొడుగు మొక్క వెనక. మూల కొబ్బరిచిప్పలో నీళ్ళు. మిగిలిందంతా ఖాళీ. ఖాళీని మించిన అలంకారం లేదు. నీకు కనిపిస్తోందా?"

మరిడమ్మకి కనిపించింది. ఖర్మ అదే.

"మరి నీకేం కావాలి?"

"నాకేం వద్దు. పొద్దున్నే అలా నడిచి వెళ్తుంటే నా చేతిపని కంటికి కనిపిస్తే చాలు."

ఆ సాయంత్రం ముళ్ళపంది గురువులు గడ్డలు తవ్వుకుని వస్తూ ఆగాడు. ముసలివాడు, మాట తక్కువ మనిషి. దిబ్బ మీద చిన్నా పెద్దా అందరికీ ఆయన 'మావ'.

"నక్క వచ్చి కూకున్నాడని విన్నాను. ఏటి కత?"

"వాకిలి దిద్దుతాడట మావా. ఈ చెత్తంతా తీసేసి."

"అది చెత్త కాదమ్మా. నీ పిల్లల దుప్పటి."

"పైడమ్మప్ప ఇంటికి దిద్దలేదా? ఏమైంది? నెల్లాళ్ళయి ఎవరి జోలికీ పోలేదు కదా."

"కొంగ చేప కోసం ఎంతసేపు ఒంటికాలి మీద నిలబడద్దో నీకు తెలీదేటి? నెలంటే నక్కకో లెక్కా?"

"నీకేం మావా, ఒంటినిండా ముళ్ళున్నాయి. ఎవరేమనుకున్నా పరవాలేదు. రేపు నా పిల్లలు పెద్దయితే చెత్తకుప్ప దాని పిల్లలు అంటారు."

గురువులు ముందుకి కదిలాడు. "చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. నేను చెప్పను," అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది మరిడమ్మ, ఆరోజు ఆయన ఇంకో నాలుగు మాటలు అని ఉంటే బాగుండేదని. అన్నా వినేది కాదని కూడా ఆమెకి తెలుసు.

పని నాలుగు రోజులు పట్టింది. బంగారయ్య కష్టపడ్డాడు, అందులో అబద్ధం లేదు. వాకుడు ముళ్ళు వేళ్ళతో సహా పీకేశాడు. పల్లేరు తీగలు కాళ్ళకి గుచ్చుకుంటే నాకి నాకి పీక్కున్నాడు. ఎండాకంతా ఈడ్చుకెళ్ళి గెడ్డలో పారేశాడు. ఒక్కొక్క గులకరాయీ నోట పెట్టుకుని తెచ్చాడు. పెద్దవి అంచున, చిన్నవి మధ్యన. పరిచాక దూరంగా వెళ్ళి చూడడం, మళ్ళీ వచ్చి ఒక రాయి తీసి పక్కన పెట్టడం. ఒక రాయి కాస్త నల్లగా ఉందని మళ్ళీ గెడ్డదాకా వెళ్ళి మార్చుకొచ్చాడు.

ఐదో రోజు దిబ్బంతా వచ్చి చూసింది. కౌజులు నోళ్ళు వెళ్ళబెట్టాయి. పైడమ్మ తెల్లరాళ్ళ మీద కూర్చుని, "ఇప్పుడు ఇల్లనిపించింది," అంది. ఆ మాటకి మరిడమ్మ కడుపు నిండిపోయింది. ఇదివరకు పిల్లల్ని లెక్కపెట్టాలంటే పిలవాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్క చూపులో ఏడుగురూ కనిపిస్తున్నారు, తెల్లబట్ట మీద పోసిన ఉలవగింజల్లా.

ఆ మాటే గురువులుతో సంబరంగా చెప్పింది.

"నీకు కనపడితే అందరికీ కనపడతారమ్మా," అన్నాడు గురువులు.

ముసలాడికి ఓర్వలేనితనం అనుకుంది మరిడమ్మ.

ఆ మరుసటి రోజు, పొద్దు బారెడెక్కాక, ఆమె పదడుగుల దూరంలో ఉన్న పుట్ట దగ్గర చెదలు ఏరుతోంది. పిల్లలు వాకిట్లో నీళ్ళచిప్ప చుట్టూ ఆడుకుంటున్నారు. దారి వంపు దగ్గర బంగారయ్య కనిపించాడు. నడక మెల్లగానే ఉంది. కానీ తల కిందికి ఉంది, తోక నేలకి సమంగా ఉంది. పూరేటి జాతికి ఆ నడక తెలుసు. ఆమె తల్లికి తెలుసు, తల్లి తల్లికి తెలుసు.

ఆలోచించేలోపే గొంతు పని చేసింది. "చిప్!"

ఆరుగురు పిల్లలు ఉన్నచోటే అణిగిపోయారు. తెల్లటి రాళ్ళ మీద, ఒక్కొక్కరూ విడివిడిగా, ఎండలో. రెప్ప కొట్టలేదు. అమ్మ చెప్పింది కదా, కదలకపోతే మేం లేము అని.

బంగారయ్యకి పరిగెత్తాల్సిన పని లేకపోయింది. ఆ వంపు దారి వెంట నడిచి వచ్చాడు. రేగుపళ్ళు ఏరుకున్నట్టు ఏరుకున్నాడు. ఒకటి. రెండు. మూడోది అతని నోరు దగ్గరికి వస్తున్నా కదల్లేదు. దాని కళ్ళు మాత్రం తల్లి వైపే ఉన్నాయి, తప్పు చెయ్యడం లేదు కదా అన్నట్టు.

"పరిగెత్తండి!" అని అరిచింది మరిడమ్మ. "లేచి పరిగెత్తండి!"

ఆ మాట ఆమె వాళ్ళకి ఎన్నడూ నేర్పలేదు. వాళ్ళకి అర్థం కాలేదు. ఇంకా గట్టిగా అణిగారు.

ఆమె వెళ్ళి నక్క మొహం మీద పడింది. కళ్ళలో పొడవబోయింది. అతను తల ఒక్కసారి విదిలిస్తే వెళ్ళి అతను వాకిలి అంచున నాటిన పొగడబంతి మొక్కల్లో పడింది. లేచేసరికి ఐదుగురు లేరు. బుడ్డి మాత్రం మొదటి నుంచీ అణగనే లేదు. తలెత్తి చూసింది, చూసినదాన్ని నమ్మింది, పక్కనున్న అన్నని తోసుకుంటూ కొబ్బరిచిప్ప వెనక నుంచి పొదలోకి పరిగెత్తింది. అమ్మ మాట విన్న పిల్లల్లో వాడొక్కడే మిగిలాడు, అదీ చెల్లెలు తోస్తే.

బంగారయ్య మూతి నాక్కున్నాడు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి వాకిలంతా ఒకసారి చూశాడు.

"ఏడవకు తల్లీ. వాకిలి మాత్రం ఎంత బాగా కుదిరిందో చూడు," అన్నాడు. వెటకారానికి కాదు. నిజంగానే అన్నాడు.

ఆరోజంతా మరిడమ్మ తంగేడు పొద మొదట్లో ఇద్దరినీ రెక్కల కింద పెట్టుకుని కూర్చుంది. తిండి లేదు, నీళ్ళు లేవు. నక్క నోటికి చిక్కింది తన పిల్లలే, వాళ్ళని పళ్ళెంలో పెట్టి ఇచ్చింది మాత్రం తను. అణగమన్నది తను. ఆకు తీయించింది తను. ఆ లెక్క ఎటు తిప్పి చూసినా తన దగ్గరికే వచ్చేది. పొద్దు వాలుతుండగా ఎక్కడో పుల్ల విరిగితే పిల్లలిద్దరూ రెక్కల కిందనుంచి చెరో దిక్కుకీ పరిగెత్తారు. 'చిప్' అనడానికి ఆమెకి నోరు రాలేదు.

మర్నాడు పైడమ్మ ఇంటికి వెళ్ళింది.

పైడమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పట్టుకుని ఏడ్చింది. కానీ "ఆ వెనక కన్నం తెరిచెయ్యి అప్పా, ఈరోజే తెరిచెయ్యి," అని మరిడమ్మ అనేసరికి వెనక్కి జరిగింది.

"నీ పిల్లలు బయట తిరిగేవాళ్ళు. నా పిల్లలు బొరియలో ఉంటారు. నీకూ నాకూ పోలికేటి?"

"పిల్లలు ఎప్పుడు బయటికొస్తారు?"

"ఎల్లుండే. తొలిసారి వాకిట్లోకి దించుతున్నాం. దిబ్బంతా వస్తారు. బంగారయ్యనీ..." అని ఆగిపోయింది. "పిలిచేశాను మరి. ఇది జరక్కముందు. ఇప్పుడు రావొద్దని ఎలా చెప్పను? నక్క బుద్ధి నక్కది, వాకిలేం చేసింది? నలుగురూ ఉంటారు కదా, ఏం చేస్తాడు?"

"నలుగురూ ఎటు పారిపోతారో నువ్వు చూస్తావులే," అంది మరిడమ్మ. "గుమ్మం ఒక్కటే. ఆ గుమ్మానికి ఎదురుగా అతనే కూర్చుంటాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుందువు గాని."

"శుభం పలకరా అంటే ఇదేటమ్మా," అంది పైడమ్మ. మొహం తిప్పుకుంది.

మరిడమ్మ అక్కణ్ణించి నేరుగా గురువులు బొరియకి వెళ్ళింది. ఆయన 'నేను ముందే చెప్పలేదా' అనలేదు. పిల్లలిద్దరినీ లోపలికి రానిచ్చి, వాటికి గుచ్చుకోకుండా ముళ్ళన్నీ వెనక్కి దువ్వుకుని కూర్చున్నాడు.

"మావా, నక్కని చంపాలంటే ఏం కావాలి?"

"పులి కావాలి. లేకపోతే మనిషి."

"మనిషి ఎక్కడున్నాడు?"

గురువులు గోళ్ళతో మట్టి గీశాడు. "జొన్నచేను గట్టు కింద, చేను అంచున పందుల కోసం తీగ ఉచ్చు కట్టారు. సైకిలు బ్రేకు తీగ. రెండు వెదురుపుల్లల మధ్యన గడ్డిలో కలిసిపోయి ఉంటది. మొన్న మా మరిది దాన్లోనే పోయాడు. మళ్ళీ బిగించి పెట్టారు. రైతు పొద్దు గుంకే ముందు రోజూ కుక్కల్ని తీసుకుని వస్తాడు." గీత ఆపి అన్నాడు, "నక్కని అక్కడికి ఎలా తీసుకెళ్తావు? కుంటుతూ వెంట తిప్పుకునే కుంటిపిట్ట వేషం వెయ్యకు. అది వాళ్ళ తాతకే తెలుసు."

"వేషం వెయ్యను మావా. పని ఇస్తాను."

మర్నాడు మధ్యాహ్నం బంగారయ్య రాతిగుండు నీడలో పడుకుని ఉన్నాడు. ఎదురుగా మరిడమ్మ వచ్చి వాలితే ఒక కన్ను తెరిచాడు.

"ధైర్యమే," అన్నాడు. "ఎగరడానికి వీలుగా అంత దూరంలో కూర్చున్నావు, తెలివే. ఏం కావాలి? శాపాలు పెడతావా?"

"శాపాలకి పిల్లలు లేచొస్తారా? నువ్వు నక్కవి, తిన్నావు. నేను పిట్టని, నమ్మాను. ఇద్దరూ ఎవరి పని వాళ్ళు చేశారు. ఆ వాకిట్లో మాత్రం నేనింక ఉండలేను. చేను గట్టు మీద వేరే చోటు చూసుకున్నాను."

"చూసుకో. నాకెందుకు చెప్తున్నావు?"

"వాలు నేల. ఎలా దిద్దాలో నాకు తెలీదు."

నక్క రెండో కన్ను కూడా తెరిచాడు. "నన్నే దిద్దమంటున్నావా?"

"నాకిష్టమై కాదు. కౌజుల్ని అడిగాను. 'చదునునేల అయితే బంగారయ్య దిద్దుతాడు గానీ, వాలునేల దిద్దడం అతని వల్ల కాదు, అందుకే ఎప్పుడూ చదునువే ఒప్పుకుంటాడు' అన్నారు. పైడమ్మప్ప కూడా అవునంది. అయితే ఇంక ఎవరూ లేరనుకుని పోతూ పోతూ, నిన్నే అడిగేస్తే పోలా అనుకున్నాను."

"ఎవరన్నారు?" బంగారయ్య లేచి కూర్చున్నాడు. "నా వల్ల కాదని ఎవరన్నారు? ఆ కౌజులా? వాళ్ళ వాకిట్లో మొక్క ఎక్కడ పెట్టాలో కూడా నేను చెప్తేగా తెలిసింది!"

"నేననలేదు బంగారయ్యా."

అతను ఆమెని కిందనుంచి మీదికి చూశాడు. మూతి కొద్దిగా తడి అయింది. "మిగిలిన ఇద్దరు పిల్లలూ?"

"అక్కడే, గట్టు పక్కన గడ్డిలో దాచాను," అంది మరిడమ్మ. గొంతు వణికింది. ఆ వణుకు ఆమె తెచ్చిపెట్టుకున్నది కాదు.

"పద," అన్నాడు నక్క.

ఆమె పొదనించి పొదకి ఎగురుతూ ముందు, అతను వెనక. జొన్నచేను గట్టు చేరేసరికి పొద్దు కాస్త వాలింది. బంగారయ్య మొదట గడ్డిలో ముక్కు పెట్టాడు. పిల్లల వాసన తగల్లేదు.

"ఎక్కడున్నారు?"

"ఆ చివర. ముందు నేల చూడు. వాలు ఇటువైపు దిగిపోతుంది. వాన పడితే మట్టంతా కొట్టుకుపోతుంది. ఇక్కడ వాకిలి నిలవదని వాళ్ళన్నది నిజమేనేమో."

అతను నేల చూశాడు. చూసినవాడు మళ్ళీ గడ్డి వైపు తల తిప్పలేదు. కాలితో గీశాడు. "నిలవకపోవడమేం? మూడు మెట్లు చెయ్యాలి. మెట్టుకో వరస రాళ్ళు. పై మెట్టు మీద గరిక, నడిమి మెట్టు మీద పూలు, కింద మెట్టు ఖాళీ. వాన నీళ్ళు ఈ పక్కనుంచి మలిపితే కింద చిన్న మడుగవుతుంది. చదునునేల మీద ఇది కుదరనే కుదరదు. వాలు ఉండడమే దీని అదృష్టం!" అతని తోక ఊగుతోంది. పిల్లల మాటే మర్చిపోయాడు. ఆకలి కూడా మర్చిపోయాడేమో.

"మూడు మెట్లూ ఒక్క చూపులో కనిపిస్తాయా?" అంది మరిడమ్మ. "చేను వైపు నుంచి వచ్చేవాళ్ళకి ఎలా ఉంటుంది?"

"అది చూడాలి. దూరం నుంచి చూస్తే గానీ తెలీదు." నక్క గట్టు వైపే మొహం పెట్టి, ఒక కన్ను మూసుకుని వెనక్కి నడిచాడు. ఒక అడుగు. "పై మెట్టు కాస్త ఎత్తు పెంచాలి." ఇంకో అడుగు. "ఆ కుడి మూల ఒక పొడుగు మొక్క." ఇంకో అడుగు.

తీగ చప్పుడు లేకుండా బిగిసింది.

వెనక కాలు పైకి లేచింది. అతను లాగాడు. లాగినకొద్దీ తీగ తొడలోకి దిగింది. అరవలేదు. గబగబా చుట్టూ చూశాడు. వెదురుపుల్లలు, తీగ, చేను, గట్టు మీద కదలకుండా కూర్చున్న పిట్ట.

"పిల్లలు ఇక్కడ లేరు," అన్నాడు.

"లేరు."

"నేను నిన్ను ఎలా నమ్మాను?"

"నన్ను నువ్వు నమ్మలేదు బంగారయ్యా. నీ పనితనాన్ని నమ్ముకున్నావు."

నక్క తీగని కొరకబోయాడు. ఒక పక్క పళ్ళు లేవు. రెండో పక్క పళ్ళతో కొరికితే ఇనుము కిర్రుమంది. "మరిడమ్మా, రైతు వచ్చేలోపు ఆ పుల్ల పీకెయ్. ఈ దిబ్బ దాటి వెళ్ళిపోతాను. రేపు కుందేలు ఇంటికి వెళ్ళను. ఒట్టు."

"వెళ్ళాలనుకున్నావన్నమాట," అంది ఆమె.

దూరంగా కుక్కలు మొరిగాయి. మరిడమ్మ ఉండి చూద్దామనుకునే వచ్చింది. ఐదుగురి కోసం చివరిదాకా చూడాలనుకుంది. కానీ కుక్కలు దగ్గరయ్యేసరికి నక్క చెవులు వెనక్కి పడిపోయాయి. అతను నేలకి అణిగిపోయి, రెప్ప కొట్టకుండా, ఎవరికీ కనిపించనట్టు పడుకున్నాడు. ఆ అణగడం చూడలేక ఆమె లేచి ఎగిరిపోయింది. వెనక చప్పుళ్ళు చాలాసేపు వినిపించాయి.

దిబ్బ మీద ఆ కబురు తెలిసేసరికి పొద్దు గుంకింది. పైడమ్మ ఆ రాత్రే బొరియ వెనక్కి వెళ్ళింది. పొగడబంతి మొక్కలు పీకేసి వెనక కన్నం తవ్వుకుంది. ముందువైపు గరిక మాత్రం అలాగే ఉంచింది, బాగుంది కదా అని. మర్నాడు పిల్లల్ని వాకిట్లోకి దించే పండగ జరిగింది. కౌజులు వచ్చాయి. పోయిన నక్కని కాసేపు తిట్టి, అతని చేతిపనిని కాసేపు మెచ్చుకుని వెళ్ళాయి.

మరిడమ్మ ఆ పండగకి వెళ్ళలేదు. తెల్లరాళ్ళు ఒక్కొక్కటే ముక్కుతో దొర్లించి గెడ్డ వైపు తోసింది. మూడు రోజులు తోసింది. పెద్దవి కదల్లేదు. నాలుగోరోజు ఒక రాయి కింద మట్టిరంగు ఈక, గోరంత, కనిపించింది. ఆ తర్వాత ఆమె ఇంక ఏ రాయీ కదపలేదు. పిల్లలిద్దరినీ తీసుకుని గెడ్డ అవతల, ఎవరూ చుట్టపుచూపుకి రాని ఈతపొదల్లోకి వెళ్ళిపోయింది. దారిలో గురువులు ఎదురై, "అక్కడ వాకిలి ఎలా ఉంటది?" అని అడిగాడు.

"వాకిలి లేదు మావా," అంది మరిడమ్మ.

నలుగురి మెప్పు కోసం దిద్దుకుంటే వాకిలి దక్కుతుంది గానీ, ఇల్లు దక్కదు.